కార్యాలయ ల్యాప్‌టాప్‌ పోతే... దాచిపెడితేనే అసలు ముప్పు

గిద్దలూరు, ప్రతినిధి: ఒకప్పుడు మండల కార్యాలయంలో దస్త్రం కనిపించకపోతే బీరువాలు వెతికేవారు. నేడు ఆ బీరువాలోని వివరాలు ఉద్యోగి భుజాన వేలాడే సంచిలోకి చేరాయి. పింఛన్ల జాబితాలు, ఉపాధి హామీ పనుల లెక్కలు, భూముల కొలతలు, లబ్ధిదారుల బ్యాంకు ఖాతా సంఖ్యలు, ఆధార్‌ నకళ్లు ఒక్క ల్యాప్‌టాప్‌లో ఇమిడిపోతున్నాయి. ఆ సంచి బస్సులోనో, రైలులోనో, టీ దుకాణం బల్ల మీదనో మాయమైతే ఉద్యోగి ఏం చేయాలి? ముందుగా ఎవరికి చెప్పాలి? సొమ్ము ఎవరు కట్టాలి? వివరాలు పోయిన ప్రజల మాటేమిటి?

ఇలాంటి వేళ ఉద్యోగికి మొదట కలిగేది భయం. యంత్రం ధర జీతంలో కోత పెడతారేమో, మెమో వస్తుందేమోనన్న ఆందోళనతో రెండు మూడు రోజులు గుట్టుగా వెతుక్కుందామనిపిస్తుంది. అసలు నష్టం జరిగేది ఆ రెండు మూడు రోజుల్లోనే. పోయిన యంత్రాన్ని మళ్లీ కొనుక్కోవచ్చు. అందులోని వివరాలు పరుల చేతికి చిక్కితే వెనక్కి తెచ్చుకోలేము. అందుకే ఇక్కడ ప్రతి గంటా విలువైనదే.

సంచిలో ఊరి వివరాలు

రాష్ట్రంలో కార్యాలయ వ్యవహారాలు కంప్యూటర్లలోకి మారడం నిన్న మొన్నటి మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల శాఖ 1998 నవంబరు 4న ‘కార్డ్‌’ విధానాన్ని ప్రారంభించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకానికి శ్రీకారం చుట్టాక కూలీల వివరాలు, చెల్లింపులు కంప్యూటర్లకు ఎక్కాయి. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లోని 8వ తరగతి విద్యార్థులతో పాటు ఉపాధ్యాయులకూ ట్యాబ్‌లు అందాయి. అధికారుల గదులకే పరిమితమైన యంత్రాలు ఈ విధంగా పల్లెలోని చిరుద్యోగి చేతికి వచ్చాయి.

పశ్చిమ ప్రకాశంలో ఈ సమస్యకు దూరం కూడా తోడవుతుంది. గిద్దలూరు, రాచర్ల, కొమరోలు, బేస్తవారపేట, కంభం, అర్ధవీడు మండలాల ఉద్యోగులు సమీక్షల కోసం ఏళ్ల తరబడి ఒంగోలుకు తిరిగారు. గిద్దలూరు నుంచి ఒంగోలుకు రోడ్డు మార్గంలో 130 కిలోమీటర్లకు పైమాటే. ఇక్కడి రైలు మార్గం గుంటూరు - నంద్యాల వైపు సాగుతుందే తప్ప ఒంగోలుకు నేరుగా వెళ్లదు. కావున బస్సులే దిక్కు. తెల్లవారుజామున బయలుదేరి, రాత్రికి అలసి తిరిగి వచ్చే ప్రయాణంలో సంచి మీద చూపు తప్పడానికి ఒక్క కునుకు చాలు.

వానలు మొహం చాటేసి, పనుల కోసం కుటుంబాలు వలస వెళ్లే ఈ ప్రాంతంలో పింఛను, ఉపాధి కూలి, పంట నష్టపరిహారం అన్నీ బ్యాంకు ఖాతా ద్వారానే అందాలి. ఆ ఖాతా వివరాలు బయటకు పొక్కితే మొదట దెబ్బతినేది చదువురాని వృద్ధురాలో, ఊళ్లో లేని కూలీయో. ఖాతాలో సొమ్ము తగ్గిన సంగతి కూడా వారికి వెంటనే తెలియదు.

దొంగకు కావలసింది సొమ్మే... అయినా

ల్యాప్‌టాప్‌ దొంగల్లో ఎక్కువ మందికి కావలసింది అందులోని సమాచారం కాదు, అమ్మితే వచ్చే నాలుగు డబ్బులు. కొచ్చి నౌకానిర్మాణ కేంద్రంలో తయారవుతున్న విమానవాహక నౌక విక్రాంత్‌ నుంచి 2019లో హార్డ్‌డిస్క్‌లు, ప్రాసెసర్లు, ర్యామ్‌లు మాయమైనప్పుడు గూఢచారుల పనేమోనని దేశమంతా ఉలిక్కిపడింది. జాతీయ దర్యాప్తు సంస్థ 2020 జూన్‌లో ఇద్దరిని అరెస్టు చేసింది. వారు అక్కడ గుత్తేదారు కింద రంగులు వేసేందుకు వచ్చిన కార్మికులు. డబ్బు కోసమే ఆ పని చేసినట్లు దర్యాప్తులో తేలింది.

దొంగకు అక్కర లేకపోయినా ఆ వస్తువు చేతులు మారుతుంది. చివరకు ఎవరి వద్దకు చేరుతుందో, వారి బుద్ధి ఎలాంటిదో చెప్పలేము. ప్రభుత్వ పత్రాల్లోని వివరాలతో ఎంతటి మోసం సాధ్యమో 2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో వెలుగుచూసిన ఉదంతం చాటింది. అక్కడ సిమ్‌కార్డులు విక్రయించే వ్యక్తి ఒకరు రిజిస్ట్రేషన్‌ పత్రాలను వెబ్‌సైట్‌ నుంచి తీసుకుని, వాటిపై ఉన్న వేలిముద్రలకు నకలు తయారుచేశారు. ఆధార్‌ సంఖ్యలు జోడించి వేల సంఖ్యలో సిమ్‌కార్డులను చేతనం చేసినట్లు పోలీసులు గుర్తించారు. అక్కడ పోయింది ల్యాప్‌టాప్‌ కాదు. అయితే ఆధార్‌ సంఖ్య, వేలిముద్ర, సంతకం ఉన్న పత్రాలు ల్యాప్‌టాప్‌లోనూ ఉంటాయి. అవి పరుల పాలైతే జరిగేది అదే.

ఉద్యోగి చెప్పినా... కదలని పెద్దలు

ప్రభుత్వ ఉద్యోగి ల్యాప్‌టాప్‌ పోయిన ఉదంతాల్లో ప్రపంచమంతా చెప్పుకొనేది అమెరికాలో 2006లో జరిగింది. అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖకు చెందిన ఉద్యోగి ఇంట్లో మే 3న దొంగలు పడ్డారు. ల్యాప్‌టాప్‌తో పాటు విడి హార్డ్‌డిస్క్‌ను ఎత్తుకెళ్లారు. అందులో సుమారు 2 కోట్ల 65 లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సామాజిక భద్రత సంఖ్యలు ఉన్నాయి. ఆ వివరాలకు ఎలాంటి సంకేతీకరణ లేదు.

ఆ ఉద్యోగి సంగతి దాచలేదు. పోలీసులకు, తన పై అధికారులకు వెంటనే తెలియజేశారు. కానీ ఆ సమాచారం మెట్టు మెట్టుకూ ఆగుతూ శాఖాధిపతి అయిన కార్యదర్శికి చేరింది మే 16న. ప్రజలకు తెలిసింది మే 22న. జూన్‌ నెలాఖరుకు ల్యాప్‌టాప్‌ దొరికింది. వివరాలను ఎవరూ తెరిచిన జాడ లేదని పరీక్షలో తేలింది. అయినా బాధితుల దావాను పరిష్కరించుకునేందుకు ఆ ప్రభుత్వం 2009లో 2 కోట్ల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించవలసి వచ్చింది. చోరీ జరిగిన కొద్ది వారాల్లోనే అక్కడి కార్యాలయాలకు రెండు ఆదేశాలు వెళ్లాయి. బయటకు తీసుకెళ్లే యంత్రాల్లోని సున్నితమైన సమాచారాన్ని సంకేతీకరించాలన్నది మొదటిది. వ్యక్తిగత వివరాలు పోయినట్లు తెలిసిన గంటలోపే నివేదించాలన్నది రెండోది.

2008 జనవరిలో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో నౌకాదళ అధికారి కారులో వదిలిన ల్యాప్‌టాప్‌ చోరీకి గురైంది. సైన్యంలో చేరిన, చేరాలనుకున్న సుమారు 6 లక్షల మంది వివరాలు అందులో ఉన్నాయి. సంకేతీకరించని ల్యాప్‌టాప్‌లను కార్యాలయం దాటించరాదని ఆ ప్రభుత్వం అప్పుడు ఆంక్ష విధించింది. రెండు దేశాల్లోనూ యంత్రం ఖరీదు లెక్కలోకే రాలేదు. జాప్యం, నిర్లక్ష్యమే ఖరీదయ్యాయి.

మొదటి గంటలో చేయవలసినవి

ల్యాప్‌టాప్‌ కనిపించడం లేదని గుర్తించిన వెంటనే పై అధికారికి ఫోనులో చెప్పాలి. అనంతరం సమయం, స్థలం పేర్కొంటూ సందేశం గానీ మెయిల్‌ గానీ పంపాలి. నోటిమాటకు ఆధారం ఉండదు. తాను ఎప్పుడు చెప్పిందీ రాతపూర్వకంగా ఉంటే రేపటి విచారణలో అదే ఉద్యోగికి రక్ష.

వేరే కంప్యూటర్‌ నుంచి మెయిల్‌, ఈ-ఆఫీస్‌, శాఖాపరమైన పోర్టళ్ల పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలి. బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు దాచుకునే అలవాటున్న వారు ఒక్కదాన్నీ వదలరాదు. మార్చుకోవడం వీలుకాకపోతే తన లాగిన్‌ను నిలిపివేయాలని సాంకేతిక విభాగాన్ని కోరాలి.

సంచిలో డిజిటల్‌ సంతకం టోకెన్‌ ఉంటే మరింత తొందరపడాలి. బిల్లులు, చెల్లింపులు, ధ్రువపత్రాలు ఆ సంతకంతోనే కదులుతాయి. ఆ సంతకపు రహస్య తాళం ఇతరుల చేతిలో పడే అవకాశం ఏర్పడితే జారీ చేసిన ధ్రువీకరణ సంస్థకు ఆలస్యం లేకుండా తెలియజేయాలని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షన్‌ చెబుతోంది. తెలియజేసే వరకు జరిగే వాటికి సంతకం యజమానిదే బాధ్యత అని కూడా స్పష్టం చేస్తోంది. అంటే రెండు రోజులు దాచిపెడితే ఆ రెండు రోజుల భారం చట్టప్రకారమే ఉద్యోగి నెత్తిన పడుతుంది.

ఆర్టీసీ బస్సులో మరిచిపోయినట్లయితే టికెట్‌పై ఉన్న వివరాలతో డిపోను సంప్రదించాలి. రైలులో అయితే 139కి ఫోను చేయవచ్చు. ఖాతాల నుంచి సొమ్ము పోయినట్లు తెలిస్తే సైబర్‌ నేరాల సహాయ సంఖ్య 1930కి తక్షణం చెప్పాలి. ఎంత త్వరగా చెబితే సొమ్ము చేతులు మారకుండా నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

ఫిర్యాదు ఎక్కడైనా ఇవ్వవచ్చు

కంభం దాటాక పోయిందా, మార్కాపురంలో పోయిందా తెలియదన్న కారణంతో ఫిర్యాదు ఆగరాదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్‌ సురక్ష సంహిత 173వ సెక్షన్‌ ప్రకారం నేరం ఏ స్టేషన్‌ పరిధిలో జరిగినా సమీపంలోని స్టేషన్‌లో సమాచారం ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్‌ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే ఎస్పీకి రాతపూర్వకంగా పంపుకోవచ్చు.

ఫిర్యాదులో ఇది ప్రభుత్వ ఆస్తి అని తప్పక రాయాలి. భారతీయ న్యాయ సంహితలో సాధారణ చోరీకి 303వ సెక్షన్‌ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల ఆస్తి చోరీని 305వ సెక్షన్‌లో ప్రత్యేకంగా చేర్చి, ఏడేళ్ల వరకు శిక్ష నిర్దేశించారు. యంత్రం తయారీ సంస్థ, నమూనా, క్రమసంఖ్య రాయాలి. క్రమసంఖ్య ల్యాప్‌టాప్‌ అడుగున ఉంటుంది. అదీ యంత్రంతోనే పోతుంది కనుక కార్యాలయ స్టాకు రిజిస్టరులో ముందే నమోదై ఉండాలి.

సెల్‌ఫోన్‌ పోతే ఐఎంఈఐ సంఖ్యతో సంచార్‌ సాథి పోర్టల్‌లో దానిని పనిచేయకుండా చేయవచ్చు. సిమ్‌ సౌకర్యమున్న ట్యాబ్‌లకూ ఆ సంఖ్య ఉంటుంది. సిమ్‌ పెట్టే వీలు లేని మామూలు ల్యాప్‌టాప్‌కు అది ఉండదు. కాబట్టి దానికి ఆ దారి లేదు.

పోగొట్టుకోవడం వేరు, చోరీకి గురికావడం వేరు. మరిచిపోయి వదిలేసిన దానిని దొంగతనమని రాస్తే సీసీ కెమెరాల పరిశీలనలో అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు పొరపాటు కాస్తా అబద్ధపు ఫిర్యాదుగా మారుతుంది. జరిగింది జరిగినట్లు రాయడమే క్షేమం.

సొమ్ము ఎవరు కట్టాలి?

ఉద్యోగుల్లో అందరికీ ఉన్న అనుమానమిది. పోయిన ప్రతి వస్తువుకూ ఉద్యోగే కట్టాలన్న నిబంధన లేదు. కట్టనక్కర లేదన్న హామీ కూడా లేదు. నిర్లక్ష్యం ఉందా లేదా అన్నదే కీలకం.

రాష్ట్ర ఉద్యోగులకు వర్తించే 1991 నాటి ఆంధ్రప్రదేశ్‌ సివిల్‌ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాల్లోని 9వ నియమం శిక్షలను పేర్కొంటుంది. ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనో, ఆదేశాల ఉల్లంఘన వల్లనో ప్రభుత్వానికి కలిగిన ఆర్థిక నష్టాన్ని పూర్తిగా గానీ కొంత గానీ జీతం నుంచి రాబట్టడం వాటిలో ఒకటి. అది శిక్ష కనుక నోటిమాటగా విధించడానికి వీల్లేదు. 22వ నియమం ప్రకారం అభియోగం రాతపూర్వకంగా తెలిపి, సంజాయిషీకి అవకాశం ఇచ్చి, దానిని పరిశీలించాకే నిర్ణయం తీసుకోవాలి. తాళం వేసిన గది పగలగొట్టి ఎత్తుకెళ్లిన యంత్రాన్ని, బస్టాండు బెంచీపై వదిలేసిన యంత్రాన్ని ఒకే గాట కట్టలేరు.

రైల్వే, తపాలా తదితర కేంద్ర శాఖల్లోనూ సూత్రం ఇదే. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం ప్రభుత్వ ఆస్తి నష్టాన్ని వెంటనే పై అధికారికి నివేదించాలి. ఆ సొమ్మును ఉద్యోగి భర్తీ చేసినా సరే, నివేదిక తప్పనిసరి. అంటే కొత్తది కొని అదే చోట పెట్టేసి గుట్టుచప్పుడు కాకుండా ముగించడానికి ఆ నియమాలు ఒప్పుకోవు. మోసం వల్ల గానీ నిర్లక్ష్యం వల్ల గానీ నష్టం కలిగిస్తే సంబంధిత అధికారి వ్యక్తిగతంగా బాధ్యుడవుతారు.

పోలీసుల దర్యాప్తులో ఆచూకీ లభించకపోతే ఆ మేరకు వారిచ్చే తుది నివేదిక ముఖ్యం. ఎఫ్‌ఐఆర్‌ నకలు, తుది నివేదిక, శాఖాపరమైన విచారణ పత్రం ఉంటేనే ఆస్తిని లెక్కల నుంచి తొలగించే ప్రక్రియ ముందుకు సాగుతుంది. ఇవి లేకుంటే ఏళ్ల తరువాత ఆడిట్‌లోనో, పదవీ విరమణ వేళ బకాయి లేదన్న పత్రం కోరినప్పుడో పాత లెక్క మళ్లీ ముందుకు వస్తుంది.

పొరుగు సేవలు, ఒప్పంద ఉద్యోగుల స్థితి మరింత నాజూకు. క్రమశిక్షణ నియమాల రక్షణ వారికి ఆ రూపంలో ఉండదు. ఒప్పంద పత్రంలోని షరతులే ఆధారం. యంత్రం ఎవరి పేరిట ఇచ్చారు, ఎవరు వాడుతున్నారన్నది వీరి విషయంలో రిజిస్టరులో స్పష్టంగా ఉండాలి. అధికారి పేరిట వచ్చిన ల్యాప్‌టాప్‌ను ఆపరేటరు మోస్తుంటే, పోయిన నాడు నింద మోసిన వారిపైనే పడుతుంది.

వివరాలు పోతే మరో బాధ్యత

యంత్రం పోయిన లెక్క వేరు, వివరాలు బయటపడిన లెక్క వేరు. కేంద్ర ప్రభుత్వ సైబర్‌ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్‌-ఇన్‌ 2022 ఏప్రిల్‌ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సమాచార చౌర్యం, వ్యవస్థల్లోకి అక్రమ ప్రవేశం వంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లో నివేదించాలి. ప్రభుత్వ సంస్థలకూ ఇది వర్తిస్తుంది. ఈ పని శాఖ సమాచార భద్రత అధికారిది. కానీ కింది ఉద్యోగి చెప్పనిదే ఆ అధికారికి తెలిసే మార్గం లేదు.

2023లో వచ్చిన డిజిటల్‌ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. వివరాలు పోతే ఆ వివరాల సొంతదారులకు జాప్యం లేకుండా తెలియజేయాలని అందులో ఉంది. ఈ బాధ్యతల అమలుకు నియమాలు వెలువడిన నాటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. గడువు సంగతి ఎలా ఉన్నా, వివరాలు పోయాయని తెలిస్తే ఆధార్‌ వేలిముద్రలకు తాళం వేసుకోవాలని, ఖాతాలను గమనించుకోవాలని లబ్ధిదారులకు గ్రామసభలోనైనా చెప్పడం కనీస ధర్మం. ఆధార్‌ సందేహాలకు 1947 సంఖ్య అందుబాటులో ఉంది.

పోకముందే జాగ్రత్త

తెరవగానే పాస్‌వర్డ్‌ అడుగుతుంది కదా అన్న ధీమా తగదు. హార్డ్‌డిస్క్‌ను ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్‌ అడ్డురాదు. డిస్క్‌ మొత్తాన్ని సంకేతీకరిస్తేనే రక్షణ. విండోస్‌ ప్రొఫెషనల్‌ రకంలో బిట్‌లాకర్‌ పేరిట ఈ సదుపాయం అదనపు ఖర్చు లేకుండానే లభిస్తుంది. దానిని తెరిచే అత్యవసర సంఖ్యను కార్యాలయంలో భద్రపరచాలి. ల్యాప్‌టాప్‌ సంచిలోనే కాగితంపై రాసి ఉంచితే తాళంచెవిని తలుపుకే వేలాడదీసినట్లవుతుంది. డిజిటల్‌ సంతకం టోకెన్‌నూ ఆ సంచిలో ఉంచరాదు.

అవసరం తీరిన జాబితాలను తొలగించాలి. సమీక్షకు మొత్తాల పట్టిక చాలినప్పుడు ఊరందరి ఆధార్‌ సంఖ్యలున్న పట్టికను వెంట తీసుకెళ్లనక్కర లేదు. అసలు ప్రతి సర్వర్‌లో ఉండేలా చూసుకోవాలి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్‌ కార్యాలయంలో మంటలు రేగి రెవెన్యూ దస్త్రాలు దగ్ధమైన ఉదంతం రాష్ట్రాన్ని కుదిపేసింది. కాగితమైనా, కంప్యూటరైనా ఒకే చోట ఒకే ప్రతి ఉంటే ఒక్క రాత్రిలో మాయం కావచ్చు.

భయం పోతేనే భద్రత

ఉద్యోగి జాగ్రత్త ఒక్కటే చాలదు. యంత్రం ఇచ్చే నాడే పోతే ఎవరికి ఫోను చేయాలో, ఏ పత్రం ఇవ్వాలో ఒక్క పేజీలో రాసి అతికించి ఇవ్వవచ్చు. దీనికి నిధులు అక్కర్లేదు. వెంటనే చెప్పిన వారి నిజాయతీని విచారణలో లెక్కలోకి తీసుకుంటామని, దాచిన వారిపైనే కఠినంగా ఉంటామని కార్యాలయాధిపతులు ముందుగా స్పష్టం చేయవచ్చు. చెప్పీ చెప్పకముందే కోత విధిస్తామని బెదిరిస్తే రేపు మరొకరు నోరు విప్పరు.

పోయిన ల్యాప్‌టాప్‌ ధర కొన్ని వేల రూపాయలు. అందులో పేరున్న వృద్ధురాలికి నెలనెలా వచ్చే పింఛనే జీవనాధారం. ఆమె తన వివరాలను ప్రభుత్వాన్ని నమ్మి ఇచ్చింది. ఆ నమ్మకం నిలవాలంటే పోయిన సంగతి తెలిసిన గంటలోనే కార్యాలయంలో కదలిక రావాలి. ఆ దిశగా శాఖాధికారులు దృష్టి సారించాల్సిన అవసరం ఎంతైనా ఉంది.